చూపు నిలువని చోటు

పోయిన వారం పరమేశ్వర్ కారు ముద్రణాలయం గుమ్మం ముందు ఆగింది. మనమూ అక్కడే ఆగినాము. ఆ కారు తలుపు తెరుచుకొనే లోపల, కొత్తగా వచ్చి చేరిన పాఠకుల కొరకు నాలుగు మాటలు చెప్పుకొందాము.

చేవెళ్లలో వేణుమాధవ్ నడిపే చిన్న ముద్రణాలయంలో స్వప్నిక పుటలు కూర్చే పని చేస్తుంది. మొయినాబాదులోని ఒక బడి ఈ ఏడు అచ్చు వేయించుకొంటున్న వార్షిక సంచిక ఆమె చేతి మీదుగానే రూపు దిద్దుకొంటున్నది. ఏడవ తరగతి పుటలో సగభాగం నిండేటట్లు ఒక పిల్ల ముఖాన్ని ఆమె పెద్దది చేసి పెట్టింది. బొమ్మ అంత చక్కగా వచ్చిందని తప్ప మరొక తలంపు లేదు. ఆ పిల్ల పేరు భవిత. బడిలో ఆ నమూనా చూసిన తల్లి వసంత, అజీజ్‌నగర్ ఫామ్‌హౌసులో తాను చేసే వంటపని మాని ముద్రణాలయానికి పరుగున వచ్చి, ఆ ముఖం లోకం కంట పడితే తన బిడ్డ బతకదని కుమిలిపోయింది. ఆమె భర్త ఉదయ్‌భాస్కర్ కనకమామిడి పొలంలోని బావిలో కాలు జారి పడినాడని ఊరంతా నమ్ముతున్నది. జారలేదు. తోడబుట్టిన అన్న పరమేశ్వరే తోసినాడు. చూసిన సాక్షి ఒక్కతే, అప్పటికి పాలపండ్లయినా ఊడని భవిత. బిడ్డను చంకనెత్తుకొని మాయమైన వసంత కొరకు పరమేశ్వర్ నాందేడ్ దాకా, బొంబాయి దాకా వెదికించినాడు. చేవెళ్లలోని తన విత్తనాల దుకాణానికి ఇంత దగ్గరలో ఆమె ఉంటుందని మొదట ఊహించలేదు. ఇప్పుడు ఆయనే ఆ బడికి గది కట్టించిన దాత. ఆ సంచికను ఆవిష్కరించేదీ ఆయనే.

భవిత బొమ్మను తీసివేస్తే సరిపోదా అని మీకు తోచవచ్చును. వసంతకూ మొదట అదే తోచింది.

"నా బిడ్డ ఫోటోనే వద్దు చెల్లె. తీసి అవతల పడేయ్."

"తీసేస్తే ఖాళీ కనబడ్తది అక్కా," అన్నది స్వప్నిక. "క్లాసుల అందరుండి ఒక్కతె లేకుంటే ముందుగాల ఆ ఖాళీ మీదనే కన్ను పోతది. టీచర్లు అడుగుతరు, పిల్లలు అడుగుతరు. ఎందుకు లేదని మాట పుడ్తది. మాట పుట్టినంక అది ఎవరి చెవుల పడ్తదో మన చేతుల ఉండదు."

"మరెట్ల?"

"ఉంచుత. ఉంచి, కనబడకుంట చేస్త."

అనడం సులభమే. ఇన్నేండ్లుగా పెండ్లి పత్రికలూ ఫ్లెక్సులూ కూర్చిన ఆ చేతికి తెలిసినదంతా కనబడేటట్లు చేసే విద్య. ఏది ముందు, ఏది తరువాత, ఏది కడపట అని కంటికి త్రోవ చూపడమే పుట కూర్పు. గర్భాలయాన్ని కట్టిన స్థపతికి ఈ మర్మం ఏనాడో తెలుసు. మహాద్వారం దాటి, ధ్వజస్తంభం దాటి, మండపంలోని వెలుతురు దాటి లోపలికి పోయిన భక్తుని చూపు వెదకకుండానే స్వామి ముఖం మీద నిలుస్తుంది. చుట్టూ చీకటి, నడుమ ఒక్కటే దీపం. పెద్దదనమూ, వెలుగూ, ఏకాంతమూ కూడిన చోట చూపు మ్రొక్కక తప్పదు. మొదటి నమూనా ప్రూఫులో భవితకు ఆ మూడింటినీ కట్టబెట్టినది తానే.

దీపాన్ని దాచడానికి ఆర్పడం ఒక ఉపాయం. కాని ఆరిన చోటి చీకటే దానిని పట్టి ఇస్తుంది. రెండవ ఉపాయం కార్తిక పౌర్ణమి నాటిది: చుట్టూ వేయి దీపాలు వెలిగించడం. స్వప్నిక ఈ రెండవ దారి పట్టింది. ఆటలపోటీలో గెలిచిన కప్పును పుట పైభాగాన పెట్టింది. ఎర్రని మఖమల్ గుడ్డ మీద బంగారు వన్నె కప్పు. దానిని తప్పించుకొని పోయే కన్ను ఉండదు. దాని క్రింద నాటకంలో రాజు వేషం కట్టిన పిల్లవాడు, పెట్టుడు మీసాలతో, గంభీరంగా. ఆ క్రింద పిల్లల ముఖాలన్నీ ఒకే కొలతలో, పేర్లు లేకుండా, దండకు గ్రుచ్చిన బంతిపూల మాదిరి. ఆ వరుసలో, పుస్తకం మడత పడే వైపున, ప్రక్కకు చూస్తున్న భవిత బొమ్మ ఒకటి వెదికి, రంగు కొంత తగ్గించి పెట్టింది. మొదట క్రింది కుడి మూలన పెడదామనుకొన్నది. ఎందుకో మనసు ఒప్పక మడత వైపుకు మార్చింది.

ఇక మిగిలినది ఒక్కటే. పొరపాటున అటు పోయిన చూపును లాగివేసే ముఖం ఒకటి భవిత ప్రక్కనే ఉండాలి. సూటిగా, రెప్ప వాల్చకుండా చూసే ముఖం. మనిషి కన్ను అన్నింటికన్న ముందు వెదికేది తన వైపు చూసే మరొక కన్నునే కదా. అట్లా చూసే పిల్లలు ఆ తరగతిలో ఇద్దరు ముగ్గురు ఉన్నారు. కాని మరొక తల్లి కన్న బిడ్డను ఆ తల్లికి తెలియకుండా కత్తి ముందు డాలుగా నిలిపే హక్కు తనకు ఎక్కడిది? ధర్మం ఆమె చేతిని అక్కడ పట్టుకొన్నది. తనకు హక్కున్న బిడ్డ ఒక్కతే. అదే తరగతిలో చదివే తన కూతురు మనోజ్ఞ. భవితకు ప్రాణస్నేహితురాలు. మనోజ్ఞ ముఖాన్ని గోరంత పెద్దది చేసి, వెనుక పసుపు వన్నె నింపి, భవిత ప్రక్కన కూర్చింది. బొమ్మయే కదా అని తనకు తాను నచ్చజెప్పుకొన్నది.

ఆ కొత్త ప్రూఫు యంత్రంలోనుండి వెచ్చవెచ్చగా బయటికి వచ్చిన క్షణాననే వీధిలో కారు ఆగింది.

"రాన్రి సేటు, రాన్రి!" వేణుమాధవ్ లేచి ఎదురు పోయినాడు. "ఒక్క ఫోన్ కొడితే నేనే దుకాణానికి తీసుకొస్తుంటి గద."

పరమేశ్వర్ గడప అవతలనే ఆగి చెప్పులు విడిచినాడు.

"ఉండనీయున్రి సేటు, కింద మొత్తం సిరా మరకలే."

"అచ్చు పని చేసే జాగ వేణూ. సరస్వతమ్మ కొలువుంటది. చెప్పులేసుకొని ఎట్ల వస్త?"

నుదుట చందనం, నడుమ కుంకుమ చుక్క, ఇస్త్రీ మడత చెదరని తెల్లని లాల్చీ, ఎన్నడూ హెచ్చని గొంతు. ఊరిలో ఎవరింట శుభం జరిగినా ముందు పీట ఆయనదే. చందనపు పరిమళం గదిలోకి వచ్చి సిరా వాసనను కప్పివేసింది. భగవంతుడు మనుష్యుని వ్రాతను నుదుటనే వ్రాసినాడంటారు. చదివే కన్ను మాత్రం మనకు ఇవ్వలేదు. మనము చదువగలిగినది బొట్టును మాత్రమే.

"గీ పిల్లనేనా పేజీలు చేసేది?"

"మా స్వప్నిక సేటు. చేతుల కళ ఉన్నది."

"బాగున్నవా బిడ్డా?"

"బాగున్న సేటు."

పరమేశ్వర్ కుర్చీ లాగుకొని ఆమె ప్రక్కనే కూర్చున్నాడు. "నా ఫోటో జర మంచిగ పెట్టు తల్లీ. మొన్న గణపతి ఫ్లెక్సుల నా మొఖం గుమ్మడికాయ లెక్క పడ్డది. మా ఇంట్ల ఆడోళ్ళు ఇంకా నవ్వుతనే ఉన్నరు."

"గది నేను వేసిన ఫ్లెక్సు కాదు సేటు!" వేణుమాధవ్ చెవులు పట్టుకొన్నాడు. "గది శంకర్‌పల్లి వాడు వేసిండు. వాని దగ్గర ఎవరు ఫోటో ఇచ్చినా గుమ్మడికాయనే అయితది. వాని పెండ్లి పత్రిక మీద వాని మొఖం కూడ గంతే."

ముగ్గురూ నవ్వినారు. స్వప్నిక నవ్వు పెదవుల దగ్గరనే ఎండిపోయింది.

వేణుమాధవ్ అతిథి మర్యాదకు ఎప్పుడూ చేసే పనే చేసినాడు. ఆ ముద్రణాలయంలో పళ్ళేలు లేవు. చెడిపోయిన ప్రూఫులే విస్తళ్ళు. బల్ల క్రింది కట్ట మీదనుండి ఒక కాగితం లాగి, బొమ్మ క్రిందికి, తెల్లని వీపు పైకి పరిచి, చౌరస్తా బండి దగ్గర అప్పుడే తెప్పించిన మిర్చి బజ్జీలు పొట్లం విప్పి దాని మీద కుమ్మరించినాడు. పొగలు లేచినవి. ప్రక్కన చట్నీ గిన్నె పెట్టినాడు.

"తీసుకోన్రి సేటు. ఉడుకుడుకుగ ఉన్నయి."

స్వప్నిక ఆ కాగితం పైకి మడత పడిన అంచు చూసింది. భవిత జడకు కట్టిన ఎర్ర రిబ్బను కొస. నిన్నటి ప్రూఫు అది, సగం పుట నిండా భవిత ముఖం ఉన్న ప్రూఫు. చింపి పొయ్యిలో పెట్టవలసిన దానిని, ఇన్నేండ్ల అలవాటు కొద్దీ, రద్దు కాగితాల కట్ట మీద తానే పెట్టింది.

నూనె త్రాగిన కాగితం గాజు అవుతుంది. మొదటి బజ్జీ క్రింద ఒక మచ్చ చీకటిగా వ్యాపించింది. అది జుట్టు. దాని ప్రక్క మరొక మచ్చలో నుదురు తేలింది. ఇంకొక బజ్జీ క్రిందినుండి, తెల్లని కాగితపు అడుగునుండి, ఒక కనుబొమ మెల్లగా పైకి వస్తున్నది, బావి నీటిలో మునిగిన మనిషి ముఖం తేలినట్లు. పరమేశ్వర్ ఒక బజ్జీ తీసుకొన్నాడు. అది ఉన్న చోట ఒక కన్ను తెరుచుకొన్నది. ఆయన వేణుమాధవ్ వైపు తిరిగి వానలు వెనుక పట్టిన సంగతి చెబుతూ, చూడకుండానే రెండవ దానికి చేయి చాచినాడు. ఆ చేయి తగిలితే రెండవ కన్నూ తెరుచుకొంటుంది.

స్వప్నిక చట్నీ గిన్నెను తోసివేసింది. పల్లీల చట్నీ కాగితం నిండా పారింది.

"అయ్యో! ఏంది స్వప్నికా! కండ్లు కనబడ్తలేవా?" వేణుమాధవ్ అరచినాడు. "సేటు లాల్చీ మీద పడితే ఎట్లుండె!"

"తప్పైంది అన్నా. చెయ్యి తాకింది." ఆమె అప్పటికే కాగితాన్ని బజ్జీలతో సహా ముద్దగా చుట్టి, వెనుక వాకిలిలోని చెత్త డ్రమ్ములో వేసి వచ్చింది.

"పోనీ వేణూ," అన్నాడు పరమేశ్వర్ శాంతంగా. "చేతులు వణుకుతున్నయి పిల్లకు. ఎందుకు బిడ్డా?"

"పొద్దటి సంది ఏం తినలేదు సేటు."

"తినకుంట పని చేస్తే ఎట్ల? ఆరోగ్యం చూసుకోవాలె." ఆయన జేబురుమాలుతో చేతులు తుడుచుకొన్నాడు. ఒక్కొక్క వేలు విడివిడిగా. "సరె. పేజీలు సూపియ్యి."

ఆమె ఆయన ఫోటో ఉన్న మొదటి పుటను ముందుకు జరిపింది. ఆయన దానిని ప్రక్కకు నెట్టినాడు.

"నా మొఖం నేను అద్దంల సూసుకుంట. ఏడో తరగతి పేజీ తియ్యి."

"ఏడో తరగతా సేటు? దాంట్ల ఏమున్నది..."

"మా తమ్ముని బిడ్డ ఉంటే గిప్పుడు ఏడో తరగతి సదువుతుండె."

వేణుమాధవ్ ముఖం దయతో మెత్తబడింది. "నీకు తెల్వదు స్వప్నికా. సేటు తమ్ముడు బావిల పడి పోయిండు. తల్లి ఆ పిల్లను పట్టుకొని ఎటు పోయిందో పత్తా లేదు. మా సేటు ఇంకా దేవులాడుతనే ఉన్నడు."

"ఏడ బడి ఉంటే ఆడికి పోయిన వేణూ," పరమేశ్వర్ కిటికీలోనుండి బయటికి చూస్తూ అన్నాడు. "బడికో గది కట్టించిన. గది కట్టించినోనికి గేటు కాడ ఎవ్వరు అడ్డం చెప్పరు. పిల్లలందరిని వరుసల నిలబెట్టి దండం పెట్టిపిస్తరు. నేను ఒక్కొక్కల మొఖం సూసుకుంట పోత. మొయినాబాద్ బడికి పోయిననాడు సెలవుండె. గా బడి ఒక్కటే సూసేది మిగిలింది."

"ఎంత మనసు సేటు మీది!" వేణుమాధవ్ కండ్లు తుడుచుకొన్నాడు.

ఎన్ని ఊళ్ళలో ఎన్ని గదులు! వాటి మీద చలువరాతి ఫలకాల పైన ఈయన పేరు చదివి ఆశీర్వదించిన తల్లులు ఎందరు! దానమని లోకం చేతులు జోడించినదంతా ఒక పసిదాని కొరకు పన్నిన వల. వలవాడు నూకలు చల్లుతాడు. పిట్టలకు అది అన్నదానమే.

ఇక ఇవ్వక తప్పదు. ఆమె కొత్త ప్రూఫును బల్ల మీద పరిచింది.

పరమేశ్వర్ కండ్లద్దాలు తీసి తుడిచి పెట్టుకొన్నాడు. స్వప్నిక పుటను చూడలేదు. ఆయన కండ్లను చూసింది. ఒక తల్లి బిడ్డ ప్రాణం ఇప్పుడు ఆ రెండు నల్లగ్రుడ్ల నడకలో ఉన్నది.

ఆ కండ్లు మొదట పోయినది కప్పు మీదికి కాదు. క్రింది కుడి మూలకు. జీవితమంతా బిల్లు అడుగున మొత్తం చూసిన కండ్లవి. ఏ కాగితం చేతికి ఇచ్చినా ముందు ఆ మూలనే తడుముతవి. అక్కడ రిబ్బను కట్టుకొన్న వేరొక పాప నవ్వుతున్నది. మనసు ఒప్పక మార్చిన ఆ మార్పును తలచుకొని స్వప్నిక లోలోపల ఇష్టదైవానికి మ్రొక్కింది. కండ్లు మూలనుండి లేచి ఎర్రని మఖమల్ మీదికి ఎగిరినవి. బంగారు కప్పు మీద వాలినవి. రాజు వేషం దగ్గర కొంచెం నవ్వినవి. ముఖాల వరుసలోకి దిగి, ఒక్కొక్కటి దాటుతూ, మడత వైపు నడువసాగినవి. దగ్గరకు వచ్చినవి. అంచు వరకు వచ్చి, తిరిగి పైకి, కప్పు మీదికి పోయినవి.

చూడలేదు. భవిత మీదుగా పోయినాడు, చూడలేదు!

స్వప్నిక ఊపిరి వదలింది. ఆ చప్పుడు తనకే పెద్దగా వినబడింది.

"బాగున్నది బిడ్డా," అన్నాడు పరమేశ్వర్. కాని పుటను మడవలేదు. "మిగిలిన పేజీలు గూడ నువ్వే చేసినవా?"

"నేనే సేటు."

ఆయన ఆరవ తరగతి పుటను ఒక చేత, ఎనిమిదవ తరగతి పుటను ఒక చేత ఎత్తి చూసి, క్రింద పెట్టినాడు. "గివి మామూలుగ ఉన్నయి. గీ ఒక్క పేజీ మీద మస్తు కష్టపడ్డవు. ఎందుకు?"

ఆమె ఆ రెండు పుటలనూ తీసి కట్టలో కలిపింది.

"నాకు గీ కంప్యూటర్లు తెల్వయి. దుకాణం తెలుసు. మంచి విత్తనం సంచి ముందల పెడ్తం. రంగు డబ్బాలు కంటికి ఆనేటట్లు పెడ్తం. కొనేటోని కన్ను దేని మీదికి పోవద్దో, గది మూలకు, ఎనుకకు, నీడల పెడ్తం. యాభై ఏండ్ల సంది గదే పని." ఆయన గొంతు ఇంకా మెత్తబడింది. "గీ పేజీల కప్పు ముందల పెట్టినవు. రాజును ముందల పెట్టినవు. ఎనుక ఏం పెట్టినవు బిడ్డా?"

"ఏం లేదు సేటు. పిల్లలే."

"సూద్దాం."

ఆయన కప్పు మీద ఎడమ అరచేయి పెట్టి మూసినాడు. రాజు వేషాన్ని మోచేతితో మూసినాడు. స్వప్నిక వెలిగించిన దీపాలన్నీ ఒక్కొక్కటే ఆరిపోతున్నవి. మిగిలినది మడత ప్రక్కన ఉన్న నాలుగైదు ముఖాలు. కుడి చేతి చూపుడు వ్రేలు ఆ వరుస మీద దిగి, నిదానంగా లోపలికి జరిగింది. ఒక పిల్లవాడు. ఒక పాప. మరొక పాప. భవితకు ఒక్క ముఖం ఇవతల ఆ వ్రేలు ఆగింది.

మనోజ్ఞ మీద.

ఆ వ్రేలు అదిరింది. ఈ గదిలో భయం తన ఒక్కదానికే అనుకొన్న స్వప్నిక తలెత్తి చూసేసరికి పరమేశ్వర్ ముఖంలో నెత్తురు లేదు. చందనం క్రింద చెమట పేరుకొన్నది. మనోజ్ఞ రెప్ప వాల్చకుండా ఆయననే చూస్తున్నది.

"గిట్లనే సూసింది," అన్నాడు. ఆ మాట స్వప్నికకు తప్ప మరెవరికీ వినబడలేదు. "గట్టు మీద నిలబడి, ఏడ్వకుంట, గిట్లనే సూసింది."

ఆమెకు అప్పుడు తెలిసింది. ఈయన ఇన్నేండ్లు వెదకినది ఒక ముఖాన్ని కాదు. ముఖం ఏనాడో మరచినాడు. పాపం చేసిన వానికి గుర్తుండేది తనను చూసిన చూపు. ఆ చూపును, పసుపు వన్నె పూసి, గోరంత పెద్దది చేసి, తన చేతులతో తానే ఆయన ముందు పెట్టింది.

"ఎవరి బిడ్డ?"

"అది మన స్వప్నిక బిడ్డనే గద సేటు!" వేణుమాధవ్ ఉత్సాహంగా వంగి చూసినాడు. "మనోజ్ఞ. మస్తు హుషారు. సొంత బిడ్డను జర పెద్దగ పెట్టుకున్నది సూడున్రి, దొంగది!"

పరమేశ్వర్ ఆమె వైపు తిరిగినాడు. రంగు మెల్లగా ముఖంలోకి తిరిగి వచ్చింది. దానితో చిరునవ్వూ వచ్చింది.

"నీ బిడ్డనా?"

"నా బిడ్డనే సేటు. నా కడుపున పుట్టింది."

"ఏ దవాఖానల?"

"వికారాబాద్ సర్కారు దవాఖానల."

"నీ పోలిక ఒక్కటి గూడ లేదు."

"వాళ్ళ నాయన పోలిక."

"ఆయన ఏడున్నడు?"

"లారీ నడుపుతడు. సోలాపూర్ పోయిండు."

"గట్లనా!" పరమేశ్వర్ తల ఊపినాడు. వేణుమాధవ్ ఫోను మ్రోగి అతడు వాకిలివైపు పోయినాడు. పరమేశ్వర్ ముందుకు వంగి, పసిపిల్లకు ముద్ద కలిపి పెట్టే తల్లి గొంతుతో అడిగినాడు. "ఎవరన్న అడిగితే గిట్ల చెప్పుమని చెప్పి ఇచ్చిందా మా వసంత?"

"వసంత ఎవరో నాకు తెల్వదు సేటు. దేవుని మీద ఒట్టు, అది నా బిడ్డ."

"మంచిగ సాదినవు. బడికి పంపినవు. నీ రుణం ఉంచుకోను."

ఒక్క మాట చాలు. 'ఆ పిల్ల కాదు, ప్రక్క పిల్ల' అన్న ఒక్క మాట. వ్రేలు అంగుళం జరిగితే మనోజ్ఞ బతుకుతుంది. ఆ మాట స్వప్నిక నాలుక కొస దాకా వచ్చింది. వచ్చి, పండ్లకు తగిలింది. ఆమె పండ్లు బిగించింది. పెదవి చిట్లి నెత్తురు ఉప్పగా తగిలింది. ప్రసవవేదనలో కూడ అరవని ఆ గొంతు లోపల ఇప్పుడు అరుస్తున్నది. అయినా మాట బయటికి రాలేదు. కడుపు తీపి ఒకవైపు, చేయి పట్టుకొని ఏడ్చిన తల్లికి ఇచ్చిన అభయం ఒకవైపు. ఆ త్రాసులో ముల్లు ఎటు మొగ్గినదో తూచి చూసే తీరిక ఆమెకు దొరకలేదు. పరమేశ్వర్ లేచినాడు.

"గీ పేజీ నేను తీస్కపోతున్న."

"వద్దు సేటు! అది ప్రూఫు, ఇంక దిద్దేది ఉన్నది."

"దిద్దకు. మంచిగున్నది." ఆయన కాగితాన్ని చుట్ట చుట్టి చంకన పెట్టుకొన్నాడు. గడప దగ్గర చెప్పులు తొడుక్కొంటూ, వీధి అరుగు మీద ఉన్న వేణుమాధవ్‌ను మామూలుగా అడిగినాడు. "వేణూ, మొయినాబాద్ బడి ఎన్ని గంటలకు ఇడుస్తరు?"

"నాలుగింటికి సేటు. ఎందుకు?"

"గది ఎట్ల కట్టిన్రో ఒకపారి సూసొస్త."

కారు కదలింది. ఆయన దుకాణం మార్కెట్టు వైపు ఉన్నది. కారు అటు పోలేదు. చౌరస్తాలో కూరగాయల ఆటోల నడుమ ఒక్క క్షణం ఆగి, మొయినాబాదు దారి పట్టింది.

"సేటు మస్తు ఖుష్ అయిండు, సూసినవా?" వేణుమాధవ్ చేతులు రుద్దుకొంటూ లోపలికి వచ్చినాడు. "చట్నీ పోస్తివి గని, పేజీతోని మెప్పించినవు. అరె, నోట్ల నెత్తురేంది?"

స్వప్నిక వినలేదు. బడి నంబరు నొక్కింది. మ్రోగుతున్నది. ఎవరూ ఎత్తడం లేదు. మళ్ళీ నొక్కింది. ఆఫీసులో మనిషి లేడో, ఉండి తీరిక లేదో, ఆ మ్రోత మ్రోగి మ్రోగి ఆగిపోయింది. వసంతకు చేసింది. వంటింట్లో ఉన్నప్పుడు వసంత ఫోను బట్టల సంచిలో ఉంటుంది, అదీ ఆగిపోయింది. స్కూటీ తాళం అందుకొన్నది. గోడ మీది గడియారం మూడు దాటి ఎంతో సేపైంది.

బస్సు వచ్చేవరకు పిల్లలు గేటు బయట నిలబడి ఉంటారు. వందమంది ఒకే నీలిరంగు బట్టలలో, ఎవరెవరో గుర్తుపట్టరాకుండా. ఆ గుంపులో మనోజ్ఞను వెదకడం కష్టం కాదు. వచ్చే ప్రతి బండినీ అది కండ్లెత్తి సూటిగా చూస్తుంది. దాని చేయి పట్టుకొని, ప్రతి పూటా మాదిరిగానే, భవిత నిలబడి ఉంటుంది.